దిష్టిబొమ్మ చేతిలో కాఫీ

ఆ రోజుల్లో లోకమంతా ఒకే భయంతో బతికేది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని, బ్యాంకులు మూతపడతాయని, గాల్లో ఉన్న విమానాలు గాల్లోనే ఆలోచనలో పడతాయని పేపర్లు రాసేవి. ఆ భయం చలవవల్లే మాబోటివాళ్ళకి నాలుగు మెతుకులు దొరికాయి. తెనాలి పక్కనుంచి వచ్చిన నన్ను సింగపూరు రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక పెద్ద భవనంలో, కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి, పాత ప్రోగ్రాముల్లో తేదీలు ఎక్కడెక్కడ నక్కి ఉన్నాయో వెతకమన్నారు. లోకానికి పట్టిన భయాన్ని వదిలించే ఉద్యోగం అన్నమాట. (నామీద బల్లి పడితే పంచాంగం తిరగేసే రకాన్నని ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) నిజానికి ఆ ఏడాది నేను వణికింది కంప్యూటర్లని చూసి కాదు, ఒక చొక్కాని చూసి. ఆ సంగతి ఎత్తితే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, కాకపోతే అందరికంటే కొంచెం ఆలస్యంగా.

క్లెమెంటిలో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకి తీసుకుని నేనూ, నాతో పనిచేసే ఒకడూ ఉండేవాళ్ళం. వాడిది కరీంనగర్ వైపు. కోబోల్‌లో ప్రోగ్రాములు రాసి రాసి నిద్రలో కూడా వాటినే కలవరించేవాడు కాబట్టి వాడి పేరు కోబోలుగా స్థిరపడిపోయింది. ఆంటీ తెలుగావిడే కానీ, మనలా మొన్న విమానం దిగిన తెలుగావిడ కాదు. తెల్లవాళ్ళ కాలంలో వాళ్ళ తాతగారు విశాఖపట్నం రేవులో ఓడెక్కి మలయా రబ్బరుతోటల్లో దిగారట. మూడు తరాలుగా ఇటే. ఆవిడ మాటలో సగం శ్రీకాకుళం, తక్కినది తమిళమూ మలాయూ కలిసిన పులుసు. నన్ను ‘తంబీ’ అనేవారు. అంకుల్ మేం గదిలో దిగడానికి కొన్నాళ్ళ ముందే పోయారు. హాల్లో ఆయన ఫొటో ఉండేది. గుబురు మీసాలు, గడ్డి టోపీ, ఎటునుంచి చూసినా మనవైపే చూసే కళ్ళు. రాత్రి మంచినీళ్ళకని లేస్తే నేను గోడ పక్కనుంచి, ఆ కళ్ళకి అందకుండా నడిచేవాణ్ణి.

సింగపూరుకి చలికాలం లేదంటారు గానీ, మాకుండేది. ఆఫీసు ఏసీ గొట్టం సరిగ్గా నా నెత్తిమీదికి తెరుచుకునేది, సంక్రాంతి వెళ్ళినా నేను స్వెట్టర్ విప్పలేదు. బయటికొస్తే ఎడతెగని వాన. అలా వణుకుతూ ఇంటికొచ్చి డబ్బాల్లోని బఠాణీలతో కూర వండుకుని తినేవాళ్ళం. ఆ కూరకి రుచి ఉండేది కాదు, రంగు మాత్రం ఉండేది. ఒక సాయంత్రం ఆంటీ మా గిన్నెలోకి తొంగి చూసి, గరిటెతో ఒకసారి కలిపి, మూత పెట్టేశారు.

“తంబీ, రోజూ ఈ డబ్బా మకానేటి? మావారి కెబూన్ అలాగ పడుంది. ఎల్లి నీళ్ళు పోసుకోండి, కాసింది వండుకోండి” అన్నారు. ఆవిడ మలాయూలో మకాన్ అంటే తిండి, కెబూన్ అంటే తోట. “నాను రాను. మోకాళ్ళు.”

మోకాళ్ళు అన్నప్పుడు ఆవిడ ఫొటోవైపు చూశారు. తరవాత గొంతు తగ్గించారు.

“ఒక్క మాట. పందిరిమీద ఆనప పాదు ఉంటాది. దానికున్న కాయ మట్టుకు ముట్టకండి, ఇత్తనానికి ఒగ్గీయండి. మా తాత ఊరినుంచి మూటకట్టి తెచ్చిన ఇత్తనం అది. ఏడాదికో కాయ ఎండబెట్టి మావారు ఇత్తనం తీసేవారు. పోయినేడు ఉన్నవన్నీ నాటీసి ఆస్పత్రికి ఎల్లారు. తిరిగి రాలేదు. పాదులన్నీ చచ్చిపోయి ఇదొక్కటి మిగిలింది. ఈ కాయ పోతే మరి లేదు తంబీ. ఎక్కడా లేదు.”

ఆనపకాయ అంటే మార్కెట్లో దొరికేదే కదా అని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆ క్షణంనుంచి ఆ కాయకి నేనే జవాబుదారీ అయ్యానని నాకు అర్థమైంది. ఎవరో నడుస్తున్న ప్రోగ్రామ్ చేతిలో పెట్టి ‘దీన్ని ఆపకు’ అన్నట్టు.

ఆ తోటకి దారి మా బ్లాకు వెనకనుంచి, పెద్ద డ్రైన్ దాటుకుని, మలేషియా రైలు పట్టాల పక్కకి పోయేది. పట్టాలకి అటూ ఇటూ ఉన్న తుప్పల్ని పాతకాలపువాళ్ళు నరికి, ఎవరి చెక్క వాళ్ళు చేసుకుని కూరగాయలు పెంచుకునేవారు. పేరుకి ఎవరి నేలా కాదు, మనసులో అందరిదీ. సింగపూరులో ఏడు దాటితేగాని సరిగ్గా తెల్లవారదు. మేం ఆఫీసుకి పోయేముందు వెళ్ళాలి కాబట్టి చీకట్లోనే బయల్దేరేవాళ్ళం. వాన వెలిసిన తెల్లవారుజామున ఆ డ్రైన్ మీద పొగమంచులాంటిది లేచేది. డ్రైన్ దాటగానే, ఎవరో తలుపేసినట్టు ఊరి శబ్దాలన్నీ ఆగిపోయేవి. అంకుల్ చెక్కలో ఒక పాత ప్లాస్టిక్ కుర్చీ, తుప్పుపట్టిన నీళ్ళ పీపా, కర్రల పందిరి. పందిరి కింద, ఆకుల మధ్య, పిల్లాడంత పొడుగున వేలాడుతూ ఆనపకాయ. పక్క చెక్కలో రేకుల పాక, దానికి తాళం. ఆ చెక్క ఒక చీనా తాతదనీ, ఆయనా అంకులూ జీవితమంతా పక్కపక్కన తవ్వుకున్నారనీ ఆంటీ చెప్పారు. “ఆయనా మంచం పట్టారని విన్నాను. ఉన్నారో లేరో” అని కూడా అన్నారు. ఆ రెండో వాక్యం ఆవిడ చెప్పకుండా ఉంటే నా వసంతం మరోలా గడిచేది.

మొదటి వారాలు మాత్రం స్వర్గమే. కలుపులోంచి వెతికి కోసిన తోటకూరతో పులుసు పెట్టాం. బచ్చలాకు పప్పులో వేశాం. మూలనున్న ఎర్రకాడల గోంగూర కనిపించిన రోజున కోబోలు దాని ముందు గొంతుక్కూర్చుని ఒక ఆకు తుంచి నమిలి, కళ్ళు మూసుకుని “మా అమ్మ యాదికొస్తున్నది బై” అన్నాడు. ఆ పచ్చడి మూడుపూటలు అదే పనిగా తిని ఇద్దరికీ నాలుకలు పొక్కాయి. కొన్నాళ్ళకి వంకాయలు వచ్చాయి. లేతవి, ముచికకి ముళ్ళున్నవి, ఉదయం కోసి రాత్రికి కారం కూరి వండితే నూనెలో అవి విచ్చుకునే వాసనకి ఆంటీ తన గది తలుపు తీసుకుని వచ్చి నిలబడేవారు. తినమంటే తినేవారు కాదు. “మీరు తినండి తంబీ” అని, “కాయ ఎంతయింది?” అని అడిగేవారు. నేను రెండు చేతులూ చాచి చూపించేవాణ్ణి. ఆవిడ ఆ చేతుల మధ్య ఖాళీనే చూసి, తల ఊపి, లోపలికి వెళ్ళిపోయేవారు.

ఇక్కడ చొక్కా కథలోకి వస్తుంది. మా ఆఫీసు బట్టలకి బురద అంటుతోందని ఆంటీ ఒక సంచీ ఇచ్చారు. తీసి చూస్తే అంకుల్ చొక్కా, లుంగీ, ఆ గడ్డి టోపీ. పోయినవాళ్ళ బట్టలు ఒంటిమీద వేసుకోవడానికి నాకు మనసొప్పలేదు. అంత ప్రేమగా ఇచ్చినవాటిని వద్దనడానికి నోరూ రాలేదు. సంచీని మంచం కిందికి తోసి దానిమీదే పడుకుని, కలలో అంకుల్ వచ్చి “సైజు సరిపోయిందా?” అని అడిగినట్టు రెండుసార్లు ఉలిక్కిపడి లేచాను. దారి చూపించింది కోబోలే. వాడి బెంగ వేరు. పొద్దున్నే పోయే మలేషియా రైలు ఆ మలుపులో నెమ్మదిస్తుంది. కిటికీల్లో జనం అంతా మా పందిరివైపే చూస్తారు.

“బండినిండ జనం సొరకాయనే సూస్తున్నరు బై. ఇంత దిష్టి తగిలితె కాయ పలగదా? దిష్టిబొమ్మ పెట్టాలె” అన్నాడు.

అంతే, నా రెండు సమస్యలకీ ఒకటే మందు దొరికింది. ఆంటీ పొంగల్‌కి వాడి పక్కన పెట్టిన పగుళ్ళ కుండ తెచ్చి బోర్లించి సున్నం పూశాం. బొగ్గుతో కళ్ళు పెట్టాను. దిష్టిబొమ్మకి మీసాలుండాలి కాబట్టి గుబురుగా మీసాలు గీశాను. (ఆ మీసాలు నేను రోజూ హాల్లో చూసేవేనని నాకు అప్పుడు తట్టలేదు. చేతికి తట్టినట్టుంది.) అడ్డకర్ర కట్టి, ఎండు గడ్డి కూరి, చొక్కా తొడిగి, ఆఫీసుకి పంపుతున్నట్టు గొంతుదాకా బొత్తాలు పెట్టి, లుంగీ చుట్టి, టోపీ పెట్టాం. బట్టలు తోటపనికే కదా ఇచ్చారు, తోటలోనే వాడుతున్నాం అని నాకు నేను చెప్పుకున్నాను. రైలువైపు మొహం పెట్టి పాతి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాం. ఆ పూట ఎవరం ముందు వెనక్కి తిరగాలా అని కొంతసేపు తటపటాయించాం.

తరవాతి వారం వెళ్ళేసరికి చెక్కంతా తడిసి ఉంది. ముందురోజు వాన లేదు. కలుపు ఎవరో పీకేసి ఒక పక్కన కుప్ప పోశారు. బొమ్మ కాళ్ళ దగ్గర లేత బెండకాయలు, గడ్డిపరకతో చుట్టి ముడివేసిన కట్ట. ఆ కట్టని ఇంటికి తెచ్చి వంటింటి గట్టుమీద పెడితే ఆంటీ దాన్ని చూసి ఆగిపోయారు.

“ఈ ముడి మీకు ఎవరు నేర్పారు?” అన్నారు.

“అదే వచ్చేసిందాంటీ” అన్నాను.

“మావారు ఇలాగే కట్టేవారు” అని ఆవిడ ఆ గడ్డిపరకని విప్పకుండా జాగ్రత్తగా పక్కకి జరిపి తీసుకుని, తన గదిలోకి పట్టుకుపోయారు. ఆ రాత్రి బెండకాయ వేపుడు నోట్లో పెట్టుకుంటే పక్కన మూడో మనిషి కూర్చుని ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కుంటున్నట్టు అనిపించింది. కోబోలు కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు.

“లోకంల బతికున్నోళ్ళు సచ్చినోళ్ళకు పెడ్తరు. ఈడ సచ్చినాయన మనకు పెడ్తున్నడు. గిది ఉల్టా తద్దినం బై.”

“అయితే తినడం మానేద్దామా?”

వాడు ఆలోచించాడు. “వేపుడు అయినంక సూద్దాం” అన్నాడు.

ఒకపక్క భయం, ఒకపక్క కూరలు. మేం రెంటినీ సమానంగానే గౌరవించాం. మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది, వానలు తగ్గి ఎండ ముదిరింది, తోట విరగకాసింది. ఒక ఉదయం చూస్తే బొమ్మ చేతికి ప్లాస్టిక్ సంచీలో నల్ల కాఫీ వేలాడుతోంది. ఇక్కడి కాఫీకొట్లవాళ్ళు సంచీలో పోసి, తాడు ముడివేసి, స్ట్రా గుచ్చి ఇస్తారే, అది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. చుట్టూ ఎవరూ లేరు. మేం నీళ్ళు పోసి తిరిగొచ్చేసరికి సంచీలో కాఫీ సగానికి తగ్గి ఉంది. సంచీకి చిల్లు ఉందేమోనని ఇప్పుడనుకుంటాను. అప్పుడు అనుకోలేదు, పరుగెత్తాను. ఇంకో రోజు బొమ్మ ముందు మట్టిలో అగరొత్తులు గుచ్చి ఉన్నాయి, పొగ ఇంకా లేస్తోంది. ఇంకో రోజు చినుకులు పడుతుంటే బొమ్మకి ఎవరో ప్లాస్టిక్ రెయిన్‌కోట్ కప్పి, మెడదగ్గర ముడి వేశారు. అన్నిటికన్నా పెద్దదెబ్బ ఆ తరవాతి వారం తగిలింది.

“గీ బొమ్మ నిన్న రైలు దిక్కు ఉండె కదా” అన్నాడు కోబోలు, డ్రైన్ మీదే ఆగిపోయి.

బొమ్మ ఇటు తిరిగి ఉంది. పట్టాలకి వీపు పెట్టి, ఖాళీ కుర్చీవైపు, దాని వెనకున్న తాళం వేసిన పాకవైపు చూస్తోంది. మేం వచ్చే దారి కూడా ఆ వైపే. సున్నపు మొహంమీద నేను గీసిన కళ్ళు నన్నే చూస్తుంటే, వాటిని ఇంకాస్త చిన్నవిగా గీయాల్సిందని అనిపించింది. కోబోలు చెప్పులు విడిచి, చేతులు జోడించి ఏదో గొణగడం మొదలుపెట్టాడు. వాడొక్కడే మొక్కితే బొమ్మ నన్ను గుర్తుపెట్టుకుంటుందేమోనని నేనూ జోడించాను. అప్పటినుంచి తోటకి వెళ్ళగానే అదే మా మొదటి పని. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం ఐడీ కార్డులు మెళ్ళో వేసుకుని దిష్టిబొమ్మకి దండాలు పెట్టి, దాని ముందున్న వంకాయలు తీసుకుని, వెనక్కి తిరక్కుండా అడుగులో అడుగేసుకుంటూ డ్రైన్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి పరుగు. ఒకసారి అలా వస్తూ మసక వెలుతురులో తుప్పల అవతల తెల్ల బనీనుతో ఎవరో నిలబడి మావైపే చూస్తూ కనిపించారు. నేను చూడగానే ఆ మనిషి మెల్లగా తల వంచి వెనక్కి తగ్గిపోయాడు. కాళ్ళు నేలమీద ఉన్నాయో లేదో చూడ్డానికి గడ్డి అడ్డమొచ్చింది.

ఇవన్నీ భరించాను. ఉగాదికి కొద్దిరోజుల ముందు మాత్రం నా ప్రాణం కళ్ళలోకి వచ్చింది. పందిరికింద కాయ లేదు. తొడిమ దగ్గర కత్తితో శుభ్రంగా కోసిన గుర్తు. పాదు అప్పటికే ఎండి గోధుమరంగుకి తిరిగింది, మరో పిందె పడే ఆశ లేదు. కింద పడిందేమోనని చెక్కంతా మోకాళ్ళమీద పాకి వెతికాం. బొమ్మ చూస్తూ ఊరుకుంది. ఆ రోజు ఆఫీసులో తెరమీద తేదీలన్నీ అలికినట్టయిపోయాయి. సముద్రం దాటి వచ్చి, మూడు తరాలు బతికిన విత్తనం నా కాపలాలో పోయింది. సాయంత్రం ఆంటీ గుమ్మంలోనే ఎదురయ్యారు.

“కాయ ఎలాగుంది తంబీ?”

“ఎండుతోందాంటీ” అన్నాను. వంగి చెప్పులు విడవడం మొదలుపెట్టాను.

“మంచిది. బాగా ఎండాలి” అన్నారు.

రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. ఆవిడ సంతోషం చూసిన కొద్దీ ముద్ద దిగేది కాదు. ఉగాదినాడు ఆవిడే వేపపువ్వు సంపాదించి పచ్చడి చేసి పెడితే నాకు అందులో చేదొక్కటే తెలిసింది. దానికితోడు కొత్త శబ్దం మొదలైంది. తెల్లవారుజామున గాలి వీస్తే తోటలో ఎక్కడో గలగలమని చప్పుడు. ఎముకలు కదిపినట్టు పొడిగా, ఆగి ఆగి. చుట్టూ చూస్తే ఏమీ ఉండేది కాదు. గాలి ఆగితే ఆగేది. తాళం వేసిన ఆ పాక వెనకనుంచి వస్తున్నట్టుండేది గానీ, అటు వెళ్ళి చూసే మగాడు మా ఇద్దరిలో లేడు.

ఒక శనివారం రాత్రి ఆంటీ పొడుగు కత్తి ఒకటి కడిగి తుడిచి సంచీలో పెట్టుకుంటూ కనిపించారు. “రేపు చీనావాళ్ళ సమాధుల పండగ. మావారూ ఆ తాతా ప్రతేడూ ఆ రోజే కాయ కొట్టి ఇత్తనం తీసేవారు. రేపు నానే వస్తాను” అన్నారు.

“మోకాళ్ళు ఆంటీ” అన్నాను.

“పోనీ తంబీ. ఎన్నాళ్ళని రాకుండా ఉంటాను?”

ఆ రాత్రి నేనూ కోబోలూ కొత్త గది ఎక్కడ వెతుక్కోవాలో మాట్లాడుకున్నాం. కాయ పోయిన సంగతి ఒకటి, భర్త చొక్కాని దిష్టిబొమ్మకి తొడిగిన సంగతి ఇంకొకటి. ఏది ముందు చెప్పాలో తేలక ఏదీ చెప్పకుండానే తెల్లారింది.

ఎండ వచ్చాకే బయల్దేరాం. ఆంటీ నా భుజం పట్టుకుని డ్రైన్ దాటారు. తోట కనిపించగానే నా చెయ్యి వదిలేశారు. బొమ్మ ముందు నేలమీద ఎర్ర కాయితం పరిచి, దానిమీద నారింజపళ్ళు, బియ్యప్పిండి తీపి బిళ్ళలు, ఉడికించిన కోడి పెట్టి ఉన్నాయి. రేకు డబ్బాలో ఏవో కాయితాలు కాలుతున్నాయి, మసి గాల్లో ఎగిరి వంగమొక్కలమీద వాలుతోంది. బొమ్మ చేతికి ఎప్పటిలాగే కాఫీ సంచీ. పక్కన తెల్ల బనీనుతో, ఎముకలగూడులాంటి ముసలాయన ఒకరు ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బొమ్మతో ఏదో మాట్లాడుతున్నారు. ఆంటీని చూసి లేచి నిలబడ్డారు. మంచం పట్టారని విన్న చీనా తాత. కాళ్ళు చక్కగా నేలమీదే ఉన్నాయి, రబ్బరు చెప్పులతో సహా.

వాళ్ళిద్దరూ మలాయూలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మేం శిక్ష వినడానికి వచ్చినవాళ్ళలా చేతులు కట్టుకు నిలబడ్డాం. చివరికి ఆంటీ మావైపు తిరిగారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

“మీరు మంచి పిల్లలని అంటన్నారు. పోయినాయనకి బొమ్మ కట్టి, ఆయన బట్టలేసి, వచ్చినప్పుడల్లా చెప్పులిడిచి దండం పెట్టుకుంటన్నారట. ఇది మన ఇండియావాళ్ళ పద్ధతి కామోసు అనుకున్నారట. ఆయన పిల్లలు ఏడాదికోసారి కూడా సమాధికి రారట. అందుకే ఆయన కూడా రోజూ కాపీ తెచ్చి పెడతన్నారు, నీళ్ళు పోస్తన్నారు, కాసింది మావారిలాగే కట్టలు కట్టి ఒగ్గీస్తన్నారు. మీరు దండం పెట్టుకుంటుంటే మధ్యలో రాకూడదని చాటుకి ఎల్లిపోయేవారట.” బొమ్మవైపు చెయ్యి చూపించారు. “మొగం ఇటు ఎందుకు తిప్పారంటే, రైలు పొగ మావారికి పడదు. ముందునుంచీ అంతే, రైలొస్తే ఇటు తిరిగి కూకునేవారు.”

కోబోలు నేలకేసి చూస్తున్నాడు. నా చెవులు కాలుతున్నాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని, “ఆంటీ, కాయ...” అని మొదలుపెట్టాను. ఈలోగా గాలి వీచింది. గలగల. తాత నవ్వి, పాక వెనక్కి నడిచి, చూరుకింద వేలాడుతున్నదాన్ని విప్పి రెండు చేతులా పట్టుకొచ్చారు. పొయ్యి పొగకి నల్లబడి, చెక్కలా గట్టిపడిన ఆనపకాయ. పాదుమీద వదిలేస్తే కోతులు కొట్టేస్తాయని, అంకుల్ ఉన్నప్పుడూ ఏటా తన చూరుకిందే కట్టేవారట. నేను రోజూ ఆంటీతో ఆడిన అబద్ధం అబద్ధమే కాదు. కాయ బాగా ఎండుతోంది, నాకు తెలియకుండా.

ఆంటీ ఆ కాయని చెవిదగ్గర పెట్టుకుని ఒకసారి ఊపారు. లోపల విత్తనాలు కదిలాయి. మళ్ళీ ఊపారు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ అలాగే నిలబడిపోయారు. మేం ఇన్నాళ్ళూ వెన్ను జలదరించి పారిపోయింది ఆ చప్పుడుకేనని తలుచుకుంటే నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తరవాత ఆవిడ బొమ్మ దగ్గరికి వెళ్ళారు. చొక్కాని, లుంగీని, టోపీని, మీసాలని ఒక్కొక్కటే చూశారు. చెయ్యి ఎత్తి, మేం గొంతుదాకా పెట్టిన పైబొత్తం విప్పారు. కాలర్ సర్దారు.

“పైబొత్తం ఎప్పుడూ పెట్టుకోరు. ఊపిరాడదు ఆయనకి” అన్నారు. మావైపు తిరక్కుండానే, “మీసం ఎవరు గీసారు?” అని అడిగారు.

కోబోలు నిస్సంకోచంగా నన్ను చూపించాడు.

“కుడిపక్క కొంచెం దింపాలి” అన్నారు ఆంటీ. తాత పాకలోంచి బొగ్గుముక్క తెచ్చి ఇచ్చారు. దాంతో ఆవిడే దింపారు.

ఆ మధ్యాహ్నం కాయ కొట్టి విత్తనాలు తీశాం. సగం తాతకి, సగం ఆంటీకి. రాత్రి ఆ తోట వంకాయ కూరతో మొదటిసారి ఆంటీ మాతో కూర్చుని అన్నం తిన్నారు. కూర రెండోసారి వడ్డించుకున్నారు. వసంతం పొడుగునా అక్కడి కూరలు తిన్నాను, వాటిలో భయం లేకుండా తిన్నది ఆ పూటే. (కొంచెం రుచి తగ్గినట్టు కూడా అనిపించింది, ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.)

రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఏమీ మరిచిపోలేదు. కోబోలు ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడ దిష్టి నమ్మని అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పట్టాలు పీకేశారు, తోటలు పోయాయి, తాతా ఆంటీ కూడా లేరు. ఇప్పుడు అంకుల్ నేనే. మా బ్లాకు కింద తోటలో నాకో చిన్న చెక్క ఉంది, దాని పందిరిమీద ఆ ఆనపపాదే పాకుతోంది. పోయిన నెల నా పాత ఆఫీసు చొక్కాతో దిష్టిబొమ్మ కట్టాను. మీసాలు ఈసారి నావే గీశాను, పైబొత్తం విప్పి ఉంచాను. మా అమ్మాయి చూసి “నాన్నా, so creepy lah, it looks like you” అంది. నేను చాలా గర్వపడ్డాను.

నిన్న పొద్దున్నే నీళ్ళు పోద్దామని వెళితే బొమ్మ చేతికి కాఫీ సంచీ వేలాడుతోంది. స్ట్రా గుచ్చి ఉంది. ఫోన్ చేసి మా ఆవిడని అడిగాను, తను కాదంది. అమ్మాయిని అడిగాను, “not me lah” అంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. పూర్వమైతే ఈపాటికి డ్రైన్ దాటేసి ఉండేవాణ్ణి. ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వొచ్చింది. మోకాళ్ళు పట్టుకుని పక్కనున్న కుర్చీలో కూర్చుని, నా బొమ్మ చేతిలోంచి సంచీ తీసుకుని తాగాను. ఇంకా వేడిగానే ఉంది.